ఏతం దాటేదాకా

మా ఫిరంగిని కదిలించాలంటే ట్రాక్టరు కావాలి. మనుషుల వల్ల అయ్యే పని కాదు. పొడి నేల మీదైతే అందరం కలిసి భుజాలు ఆనిస్తే ఒక బారెడు జరిగేది. హంగరీ బురదలో ఆ ఆశ కూడా లేదు. ఒకసారి గోతిలోకి దింపి, దాని వెనక ఇనప కాళ్ళు రెండూ విడదీసి నేలలోకి దిగ్గొట్టామంటే ఇక ట్యాంకులన్నా ఆగాలి, మేమన్నా పోవాలి.

అంతకు ముందు నేను చిన్న ఫిరంగుల్లో పనిచేశాను. వాటిని నలుగురు కలిసి చెట్ల చాటుకి తోసేయొచ్చు. కానీ కొత్తగా వచ్చిన జర్మన్ ట్యాంకుల ముఖం మీద అవి కొట్టే గుండ్లు గోడ మీద శనగలు విసిరినట్టు రాలిపోయేవి. ఆ ఫిరంగులకి మా ఎర్రసైన్యంలో సైనికులు "సెలవు, జన్మభూమీ" అని పేరు పెట్టుకున్నారు. నా మొదటి జట్టులో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక నన్ను ఈ పెద్దదాని దగ్గర వేశారు. గొట్టమే ఒక బండి, దాని గుర్రం కలిపినంత పొడుగు. ఒక్కొక్క గుండు మేకపోతంత బరువు. ఎంత మందపాటి ఉక్కునైనా చీల్చుకుపోయేది. కానీ ఒకసారి పేలిందంటే మంట, పొగ, బురద మూడూ కలిసి చెట్ల పైదాకా లేచేవి. మేమెక్కడున్నామో లోకానికంతటికీ తెలిసిపోయేది. అందుకే దాక్కోవడం మా పనిలో సగం. ఎంతసేపైనా సరే, ఏం జరిగినా సరే, మొదటి గుండుకి తగిన అదను దొరికేదాకా నోరు మూసుకుని కూర్చోవడం మిగతా సగం.

అది పంతొమ్మిది వందల నలభై అయిదు మార్చి నెల. యుద్ధం అయిపోయినట్టేనని అందరం అనుకుంటున్నాం. ఇంటికి వెళ్ళాక ముందు ఏం తింటామో చెప్పుకుంటున్నాం. సరిగ్గా అప్పుడే బాలతోన్ సరస్సు వైపు నుంచి జర్మన్లు మిగిలిన ట్యాంకులన్నీ పోగేసుకుని మా మీదికి వచ్చారు.

మాకు దొరికిన చోటు ఒక రైతు ఇల్లు. వెనక పళ్ళ తోట, పక్కన పేడకుప్ప. ఆ పేడకుప్ప చాటునే గొయ్యి తవ్వాం. మోకాలి లోతు తవ్వేసరికి నీళ్ళు ఊరాయి. కొట్టం తలుపులు ఊడదీసి అడుగున పరిచాం. ఇంటి ముసలామె నేలమాళిగలోంచి పైకొచ్చి, తలుపుల్ని వేలితో చూపిస్తూ మా సార్జెంటుని వాళ్ళ భాషలో చాలాసేపు తిట్టింది. సార్జెంటు టోపీ తీసి, తలొంచుకుని అంతా విన్నాడు. ఆవిణ్ణి వెళ్ళిపొమ్మని ఎన్ని సైగలు చేసినా వినలేదు. మళ్ళీ మాళిగలోకే దిగిపోయింది.

సార్జెంటు పేరు యెవ్లాంపి సవిచ్ దోల్గిఖ్. మేమందరం సవిచ్ అనేవాళ్ళం. సైబీరియాలో నదుల మీద దుంగలు కట్టి తెప్పలు నడిపేవాడట. మాలో పెద్దవాడు, మీసాలు నెరిశాయి. భయం వేసినప్పుడు ఎండు రొట్టెముక్క బుగ్గన పెట్టుకుని నానబెట్టేవాడు. మేం మాట కోసం కాదు, ముందు ఆయన బుగ్గ వైపు చూసేవాళ్ళం. ఉబ్బెత్తుగా ఉందంటే అర్థమయ్యేది.

గుండ్లు నింపేవాడు పానాస్ జుర్బా. పొల్తావా దగ్గరి యుక్రేనియన్. మనిషి గుమ్మానికి అడ్డం నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఫిరంగికీ నాకూ పెళ్ళయిందనీ, రోజంతా దాని కంట్లో కన్ను పెట్టి చూస్తుంటాననీ ఏడిపించేవాడు. గురి చూసే పని నాది మరి. గుండ్లు అందించడానికి కజాఖ్ కుర్రాడు సెయిత్కలీ, ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు.

మా లెఫ్టినెంటు క్విరికాద్జే ఆ మధ్యాహ్నం సవిచ్‌నీ నన్నూ తోట చివరికి తీసుకెళ్ళి చూపించాడు. మాకెదురుగా, పొలాలకవతల, ఎత్తుగా వేసిన రోడ్డు పడమటి నుంచి తూర్పుకి పోతోంది. రోడ్డుకి అటూ ఇటూ పొలాలన్నీ చిత్తడి. ట్యాంకు దిగితే కడుపుదాకా కూరుకుపోతుంది. కాబట్టి వాళ్ళు రోడ్డు మీదే, ఒకదాని వెనక ఒకటి రావాలి. పడమటి పక్క రోడ్డు అంచున ఒక బావి, దాని మీద ఏతం. తూర్పు పక్క, రోడ్డు వాగు దాటే చోట, ఇటుకల వంతెన. ఆ వంతెన దగ్గర చిన్న ఫిరంగులు రెండు నిలబడి ట్యాంకులకి ఎదురు కాలుస్తాయి.

లెఫ్టినెంటు చెప్పింది సూటిగానే ఉంది. చిట్టచివరి ట్యాంకు ఏతం దాటేదాకా మేం కాల్చకూడదు. దాటాక ముందు ఆఖరిదాన్ని, తర్వాత మొట్టమొదటిదాన్ని కొట్టాలి. అప్పుడు మధ్యవి ముందుకీ పోలేవు, వెనక్కీ పోలేవు. తొందరపడి ముందే పేల్చామా, వెనక ఉన్నవి తప్పించుకుని, దూరం నుంచే మమ్మల్నీ ఇంటినీ కలిపి నేలమట్టం చేస్తాయి. ఆ తర్వాత తూర్పున ఉన్న పెద్ద నది దాకా వాటిని ఆపేవాడు లేడు.

"అంతసేపూ వంతెన దగ్గరివాళ్ళు?" అని సవిచ్ అడిగాడు.

లెఫ్టినెంటు వయసులో చిన్నవాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వాళ్ళు అక్కడుండేది ట్యాంకులు తమ వైపే చూడటానికని మాకప్పుడు అర్థమైంది.

కాసేపటికి ఆ చిన్న ఫిరంగులు మా తోట పక్క బాట మీదుగానే వచ్చాయి, గుర్రాలు లాగుతుండగా. మొదటిదాని పక్కన నడుస్తున్న మనిషిని చూసి పానాస్ చేతిలో పార కింద పడేశాడు. అది వాళ్ళన్న ఇగ్నాత్. రెజిమెంటు ఒకటే అయినా ఇద్దరూ కలుసుకుని నెలలైంది. అన్న పొట్టిగా, బక్కగా ఉన్నాడు. తమ్ముడు వంగి కావలించుకుంటే అన్న కనపడకుండా పోయాడు.

"నువ్వింకా పెరుగుతూనే ఉన్నావేంట్రా. జర్మన్లు గురి తప్పడానికైనా కాస్త చోటు మిగల్చు," అన్నాడు ఇగ్నాత్.

"నా సంగతికేం గానీ, ఎక్కడికి పోతున్నారు?"

ఇగ్నాత్ గడ్డంతో వంతెన వైపు చూపించాడు. పానాస్ మా వైపు తిరిగాడు. నేను తల పక్కకి తిప్పుకున్నాను. సవిచ్ గుండ్ల పెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు. అన్నదమ్ములు పెట్టె మీద కూర్చుని, ఉప్పులో ఊరిన పందికొవ్వు కోసుకుని ఉల్లిపాయతో తిన్నారు. మాకూ తలా ముక్కా పెట్టారు. వాళ్ళమ్మ కళ్ళ జబ్బు గురించీ, పొల్తావాలో ఇంటికి కప్పు లేకపోవడం గురించీ మాట్లాడుకున్నారు. వంతెన మాట ఇద్దరూ ఎత్తలేదు. పోయేటప్పుడు ఇగ్నాత్ మా ఫిరంగి గొట్టాన్ని గుర్రాన్ని తట్టినట్టు తట్టి, మంచి జంతువేనని మెచ్చుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం పానాస్ ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు.

తెల్లవారేసరికి పొగమంచు. తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య ఏముందో తెలియనంత మంచు. ట్యాంకులు కనపడకముందే వినపడ్డాయి. ముందు పాదాల కింద తలుపు చెక్కలు సన్నగా అదిరాయి. చెక్కల సందుల్లో నిలిచిన నీళ్ళ మీద చిన్న చిన్న వలయాలు లేచాయి. ఆ తర్వాత చప్పుడు. అది ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు. నాలుగు వైపుల నుంచీ వస్తున్నట్టుంది. సెయిత్కలీ పేడకుప్ప వైపు తిరిగి నిలబడ్డాడు, అక్కడి నుంచి ఏదో దూకుతుందన్నట్టు.  మంచులో ఎన్ని వస్తున్నాయో, ఎంత దగ్గరకొచ్చాయో ఎవరికీ తెలియదు. మాకు చూపు లేదు, వాళ్ళకి లేదని నమ్మకం లేదు. ఒకవేళ రోడ్డు వదిలి తోటలోకే వస్తున్నాయా అని పానాస్ గొణిగితే, సవిచ్ నోరు మూసుకోమని సైగ చేశాడు. ఆయన బుగ్గ ఉబ్బి ఉంది.

నేను గురి అద్దానికి కన్ను ఆనించాను. తెల్లదనం తప్ప ఏమీ లేదు.   

సూర్యుడు పైకొచ్చేకొద్దీ మంచు నేల నుంచి లేచింది. మొదట ఏతం కొయ్య కనిపించింది, గాల్లో వేలాడుతున్నట్టు. దాని కింద నుంచి మొదటి ట్యాంకు బయటికొచ్చింది. దాని వెనక మరొకటి. పసుపు, ఆకుపచ్చ మచ్చలు. గొట్టాలు నేరుగా వంతెన వైపు ఉన్నాయి. నా అద్దంలో అవి ఎంత దగ్గరగా కనపడ్డాయంటే, ఒక ట్యాంకు మీద ఎవరో ఆరేసుకున్న దుప్పటి అంచు చిరుగు కూడా తెలిసింది. ఆరు ఏతం దాటాయి. ఏడోది, అన్నిటికన్నా ఆఖరిది, దాటలేదు. బావికి ఇవతలకి రాకుండా ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో ఇప్పటికీ నాకు తెలియదు. వాసన పట్టిందో, ఇంజను మొరాయించిందో. పై మూత తెరుచుకుంది. ఒకడు నడుము దాకా బయటికొచ్చి, దుర్భిణీ పెట్టుకుని మా తోట వైపు చూశాడు. నేరుగా నా కంట్లోకి చూస్తున్నట్టనిపించింది. 

అప్పుడు వంతెన దగ్గర చిన్న ఫిరంగులు పేలాయి.

మొదటి ట్యాంకు ముఖం మీద నిప్పురవ్వ మెరిసి ఎగిరిపోయింది. అంతే. ట్యాంకు ఆగి, తాపీగా గొట్టం కిందికి దించి, కాల్చింది. వంతెన పక్కన ఇటుకలు, మట్టి, ఇంకా ఏవేవో పైకి లేచాయి. రెండు ఫిరంగుల్లో ఒకటి ఆగిపోయింది. రెండోది కాలుస్తూనే ఉంది. ఇగ్నాత్‌ది ఏదో మాకు తెలియదు.

పానాస్ రెండో గుండుని చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొదటిది ఫిరంగిలోనే ఉంది, గొట్టం వెనక తలుపు వేసి ఉంది. నా వేళ్ళు మీట మీద ఉన్నాయి. నేను కొంచెం నొక్కితే చాలు.

"టీష్కా, కాల్చు," అన్నాడు పానాస్ నాతో. గట్టిగా అనలేదు. నీళ్ళు అడిగినట్టు అడిగాడు. "మొదటిదాన్ని కొట్టు. పక్క చూపిస్తోంది కదా."

నిజమే, చూపిస్తోంది. నేను గురి మొదటిదాని మీదికి జరిపాను. అలా జరిపానన్న సంగతి నా చేతులు ఆ పని చేశాకే నాకు తెలిసింది. నా మెడ మీద సవిచ్ చెయ్యి పడింది. బరువుగా, చల్లగా ఉంది. 

"ఆఖరిదాని మీదికి తీసుకెళ్ళు," అన్నాడు.

లెఫ్టినెంటుని అడుగుదామని సవిచ్ టెలిఫోను ఎత్తాడు. తీగ ఎక్కడో తెగింది. ఇక అడగడానికి ఎవరూ లేరు, చెప్పడానికి సవిచ్ ఒక్కడే.

వంతెన దగ్గర మళ్ళీ మట్టి లేచింది. చిన్న ఫిరంగి కాసేపు పలకలేదు. పోయిందనుకున్నాం. మళ్ళీ పేలింది. ఆ చప్పుడు విన్నప్పుడు పానాస్ గొంతులోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు.

"సవిచ్, మీ అన్న అయితే ఆగుతారా?" అన్నాడు.

"ఆగలేను. అందుకే నిన్ను అడగడం లేదు. గుండు పట్టుకో."

పానాస్ గుండు పట్టుకునే ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను.  భయం అప్పుడు ఇంకో రకంగా మారింది. ట్యాంకులు మమ్మల్ని చంపుతాయన్న భయం వెనక్కి పోయింది. ఆ ఏడోది ఎప్పటికీ కదలదేమో, ఊరికే చూస్తూ కూర్చున్నామన్న మాట బతికినంతకాలం మాతోనే ఉంటుందేమో అన్నది ముందుకొచ్చింది. నేను ఆ ట్యాంకుని బతిమాలడం మొదలుపెట్టాను. రావే తల్లీ, ఇంకాస్త ముందుకి రా అని, పశువుని పిలిచినట్టు.

పై మూత మూసుకుంది. ఏడోది కదిలింది. ఏతం కొయ్య నీడ దాని వీపు మీదుగా జారింది.

సవిచ్ నా మెడ మీద చరిచాడు.

మా ఫిరంగి పేలితే చెవులకి వినపడదు, కడుపుకి తెలుస్తుంది. తోటలో చెట్ల కొమ్మలన్నీ ఒక్కసారి వెనక్కి వాలాయి. కళ్ళ ముందు ఎర్రగా మంట, తర్వాత బూడిదరంగు. పొగ విడేసరికి ఏడోది రోడ్డుకి అడ్డంగా తిరిగి ఉంది, దాని పక్కలోంచి నల్లగా వస్తోంది. పానాస్ అప్పటికే రెండో గుండు తోసి తలుపు వేశాడు. ఆ రోజు వాడు చేసినంత వేగంగా ఆ పని చేసినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. గొట్టాన్ని జరిపే చక్రం తిప్పాను. మొదటి ట్యాంకు వంతెనకి దగ్గర్లో ఉంది. కొట్టాను. దాని తల ఎగిరి రోడ్డు పక్కన బురదలో పడింది.

ఆ తర్వాత అన్నీ మా వైపు తిరిగాయి.

చెవులు పనిచేయడం లేదు కాబట్టి సవిచ్ చేత్తోనే చెబుతున్నాడు. ఎడమ భుజం తడితే ఎడమకి, కుడి తడితే కుడికి. ఒక గుండు గురి తప్పింది. ఒకటి తగిలింది. ఒక ట్యాంకు భయపడి రోడ్డు దిగి, లెఫ్టినెంటు చెప్పినట్టే కడుపుదాకా దిగబడి, పక్క మాకిచ్చి ఆగిపోయింది. దాన్ని కొట్టడం కష్టం కాలేదు. ఇంటి కప్పు లేచిపోయి పెంకులు మా మీద వర్షంలా పడ్డాయి. తర్వాత పేడకుప్ప పేలింది. నోట్లో, కళ్ళల్లో పేడ. తుడుచుకుని మళ్ళీ అద్దానికి కన్ను ఆనించాను. ఎడమ భుజం మీద తడతాడని చూశాను. తట్టలేదు. కుడి భుజం మీదా లేదు. చెప్పడానికేమీ లేదేమో, నా గురి సరిగ్గానే ఉందేమో అనుకుని కాల్చాను. మళ్ళీ ఎదురుచూశాను. ఆ చెయ్యి ఎందుకు రావడం లేదో తెలుసు. వెనక్కి తిరిగి చూస్తే ఇక ముందుకి తిరగలేనని కూడా తెలుసు. తిరగలేదు.

మిగిలిన రెండు ట్యాంకుల్లోంచి మనుషులు దూకి రోడ్డుకవతల వాలులోకి పారిపోయారు. మా కాల్బలం తూర్పు నుంచి లేచి పరిగెత్తుతూ రావడం అద్దంలో కనిపించింది. అప్పుడు తిరిగాను.

సవిచ్ నా వెనకే, ఫిరంగి కాళ్ళ మధ్య చెక్కల మీద పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. పేలిన గుండు ముక్క ఎక్కడ తగిలిందో వెతకాల్సి వచ్చింది. గాయం చిన్నది, చెవి వెనక. సెయిత్కలీ ఖాళీ గుండ్ల పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. బతికే ఉన్నాడు. ముసలామె మాళిగలోంచి పైకొచ్చి, లేని కప్పు వైపు చూసి, తర్వాత మమ్మల్ని చూసింది. లోపలికెళ్ళి ఒక గిన్నెలో నీళ్ళూ గుడ్డా తెచ్చింది. మమ్మల్ని పక్కకి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, సవిచ్ ముఖం మీది పేడంతా తుడిచింది. మీసాలు కూడా తుడిచి సరిచేసింది.

పానాస్ మాత్రం ఎవరి వైపూ చూడకుండా ఖాళీ గుండ్లని పెట్టెల్లోకి ఎత్తుతున్నాడు. ఆ పని ఇప్పుడెవరికీ అక్కర్లేదు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"నువ్వు వెళ్ళి చూసిరా టీష్కా. నేను వెళ్ళలేను. ట్యాంకుల మీదికి పొమ్మంటే పోతాను. అక్కడికి మాత్రం నా వల్ల కాదు."

నాకూ భయమే. చిన్న ఫిరంగుల జట్టు పోయాక ఆ చోటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి అలాంటి చోటి నుంచే నన్ను ఎత్తుకెళ్ళారు. కానీ వాడి ముఖం చూశాక వద్దనలేకపోయాను.

పొలానికి అడ్డంబడి నడిచాను. ప్రతి అడుగుకీ బూటు బురదలో ఉండిపోతోంది. కాలుతున్న ట్యాంకుల్లో మిగిలిన తూటాలు పేలుతున్నాయి. నాకు వినపడటం లేదు, నిప్పులు మాత్రం కనపడుతున్నాయి. వంతెన దగ్గర పడేకొద్దీ నడక నెమ్మదించింది. మొదటి ఫిరంగి చక్రాలు పైకి పెట్టి పడి ఉంది. దాని దగ్గరివాళ్ళలో ఒక్కొక్కడి ముఖమూ చూశాను, చూడాలి కాబట్టి. ఇగ్నాత్ లేడు. రెండో ఫిరంగి నిలబడే ఉంది, ముందు డాలుకి జల్లెడలా చిల్లులు పడి. చుట్టూ నలుగురు. వాళ్ళలోనూ లేడు. అప్పుడు వంతెన కింద, వాగులో, నీళ్ళు తాగుతున్న ఒక మనిషి వీపు కనిపించింది.

పిలిచాను. వినపడలేదు. దిగి భుజం పట్టుకుంటే తుళ్ళిపడి, పక్కనున్న ఇటుక అందుకుని నా తల మీదికి ఎత్తాడు. ఇగ్నాతే. ముఖమంతా మసి. ఎడమ చెయ్యి మణికట్టు కింద లేదు. బెల్టుతో బిగించి కట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. పట్టాక ఇటుక పడేసి, పెదాలు కదిపాడు. ఇద్దరం చెవిటివాళ్ళం. ఒకరి చెవిలో ఒకరం అరుచుకున్నాం.

"పానాస్?" అన్నాడు.

"బాగున్నాడు. నిన్ను చూసి రమ్మన్నాడు."

"వాడెందుకు రాలేదు?"

"భయపడుతున్నాడు."

ఇగ్నాత్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు గానీ ముఖం ముడతలు పడింది. తర్వాత నా కాలరు పట్టుకుని దగ్గరికి లాగి చెప్పాడు. తన పక్కవాళ్ళందరికీ అన్నీ తెలుసట. పెద్ద ఫిరంగి తోటలో ఉందనీ, ఏతం దాటేదాకా పలకదనీ. వాళ్ళు ట్యాంకుల్ని చూస్తూ, మధ్యమధ్య తోట వైపు చూస్తూ ఉన్నారట.

"ఎప్పుడు పేలుస్తారా అని కాదు," అన్నాడు. "మా పానాస్ ఆగలేడని భయం. నేనిక్కడున్నానని వాడికి తెలుసు. నిన్న ఆ బాటన రాకుండా ఉండాల్సింది అనుకున్నాను. వాడు తొందరపడి పేల్పించాడా, ఇక్కడ మావాళ్ళు చచ్చింది దేనికీ కాకుండా పోతుంది. ప్రతి గుండుకీ అదే అనుకున్నాను, ఒరేయ్ ఆగరా, ఆగరా అని."

నేను వాడికి పానాస్ ఏమన్నాడో చెప్పలేదు. నా చేతులు గురిని ఎటు జరిపాయో కూడా చెప్పలేదు. లేపి, నడుం చుట్టూ చెయ్యేసి బయల్దేరదీశాను. పొలం సగం దాటేసరికి తోట అంచున పానాస్ కనిపించాడు. మేం ఇద్దరం రావడం చూశాడు. ఎదురు వస్తాడనుకున్నాను. ఉన్నచోటే బురదలో కూలబడ్డాడు. దగ్గరికి వెళ్ళినా లేవలేదు. అన్న వాడి ముందు నిలబడితే, మొట్టమొదటిసారి తమ్ముడు తలెత్తి అన్నని చూడాల్సి వచ్చింది.

"చెయ్యేదీ?" అని పానాస్ పెదాలు కదిలాయి.

ఇగ్నాత్‌కి వినపడలేదు. తమ్ముడి చూపు ఎటుందో చూసి అర్థం చేసుకున్నాడు.

"ఎడమదేలే," అని అరిచాడు. తర్వాత కుడి చేత్తో తమ్ముడి జుట్టు పట్టుకుని తల ఊపాడు, చిన్నపిల్లల్ని మెచ్చుకున్నట్టు. "ఆగావురా. ఆగావు."

పానాస్ నా వైపు చూశాడు. నేనేమీ చెప్పలేదని నా ముఖంలో వెతికి తెలుసుకున్నాడు. అన్న పొట్టకి ముఖం ఆనించి ఏడ్చాడు. ఆ ఏడుపు ఎందుకని అన్న అడగలేదు.

గాయపడినవాళ్ళ బండి మధ్యాహ్నానికి వచ్చింది. ఇగ్నాత్‌నీ సెయిత్కలీనీ అందులో పడుకోబెట్టారు. ఇగ్నాత్ బతికాడు. ఒంటిచేత్తో ఇంటికి కప్పు వేశాడని ఆ తర్వాత చాలా ఏళ్ళకి పానాస్ చెప్పాడు. ఆ ఉదయం గురించి మాత్రం అన్నతో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదట. ఒప్పుకుందామని చాలాసార్లు నోటిదాకా వచ్చిందట.

సవిచ్‌ని పళ్ళ తోటలోనే పూడ్చాం. లెఫ్టినెంటు క్విరికాద్జే నాలుగు మాటలు మాట్లాడాడు. జట్టు ఇకపైన నాదని చెప్పాడు. ట్రాక్టరు వచ్చింది. దక్షిణాన ఇంకో రోడ్డు మీద ట్యాంకులు కనిపించాయట, చీకటి పడేలోగా అక్కడ గొయ్యి తయారు కావాలి.

కొత్త చోట ఒక ఇటుకబట్టీ వెనక తవ్వడం మొదలుపెట్టాం. పానాస్ నా పక్కనే పార వేస్తున్నాడు. ఇంకా పొద్దు ఉంది. మా ముందు బాట మీదుగా చిన్న ఫిరంగులు రెండు వచ్చాయి, వేరే జట్టువి. రోడ్డు మలుపు దగ్గర నిలబడటానికి పోతున్నాయి. ముందు నడుస్తున్న కుర్రాడు మా పొడుగాటి గొట్టాన్ని చూసి ఈల వేశాడు. పొగాకు ఉందా అని అడిగాడు. పానాస్ గొయ్యిలోంచి ఎక్కి వెళ్ళి, తన సంచీలో ఉన్న పొగాకు మొత్తం వాడి దోసిట్లో పోశాడు.

ఆ కుర్రాడు మాట కలపబోయాడు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలుపెట్టాడు. పానాస్ చప్పున వెనక్కి వచ్చేసి పార అందుకున్నాడు. నేనూ తల దించుకుని తవ్వుతూ ఉండిపోయాను. వాళ్ళు మలుపు దగ్గరికి చేరేదాకా ఆ కుర్రాడి పేరేమిటో మాలో ఎవరూ అడగలేదు.